నైరోబీలో స్థలం: ఊళ్లో లేకుండా కొనేవాళ్లకి

ఇక్కడ నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. పిల్లల పేరు ముందు ‘మామా’ చేర్చి తల్లిని పిలవడం కెన్యా మర్యాద. అందుకని పద్నాలుగేళ్లుగా నేను మామా స్నేహని. తెలుగు చెవికి ఎవరో మేనమామని పిలిచినట్టుంటుంది కానీ అలవాటైపోయింది. నేను చేసేది క్వాంటిటీ సర్వేయర్ పని. కట్టడానికి ఎంత సిమెంటు పడుతుంది, ఎంత ఇనుము, ఎంత డబ్బు అని లెక్కగడతాను. దాంతో విదేశాల్లో ఉన్న కెన్యా స్నేహితులకి నేనొక దారిగా దొరికాను. ‘మామా స్నేహా, ఆదివారం ఖాళీయేనా, ఒక ప్లాటు చూసొస్తావా’ అని మెసేజ్ వస్తుంది. ఈమధ్య నైరోబీలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లూ అడుగుతున్నారు. ప్రతిసారీ చెప్పేదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ధరల సంగతి, ఎందుకంటే మోసం కూడా అక్కడినుంచే మొదలవుతుంది. 2012లో నైరోబీ నుంచి వెళ్లే థికా రోడ్డు ఎనిమిది వరసల హైవే అయింది. దాని వెంట రుయిరు, జుజా వైపు కాఫీ తోటలు ముక్కలై ప్లాట్లుగా మారాయి. దక్షిణాన కిటెంగెలాలో మసాయిల పశువులు మేసిన బీళ్లదీ అదే కథ. 2022లో మ్లొలొంగో నుంచి వెస్ట్‌ల్యాండ్స్ దాకా 27 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. రోడ్డు వస్తుందన్న మాటకే ఒక రేటు, కంకర పడ్డాక ఇంకో రేటు. దీనికి తోడు బయటి డబ్బు. 2024లో విదేశాల్లోని కెన్యావాళ్లు ఇంటికి పంపింది దాదాపు 490 కోట్ల డాలర్లు. టీ ఎగుమతుల మీద వచ్చేదాని కన్నా అది చాలా ఎక్కువ. అందులో కొంత ఫీజులకి, మందులకి పోగా, మిగిలిందాన్ని భూమిలో పెట్టడం ఇక్కడివాళ్ల అలవాటు.

కొనేవాళ్లు డాలస్‌లోనో లీడ్స్‌లోనో నైట్ షిఫ్టులో ఉంటారు. స్థలాన్ని వాట్సాప్ ఫొటోలో చూస్తారు. ఈ వ్యాపారమంతా ఆ మనిషి ఇక్కడ లేకపోవడం మీదే నడుస్తుంది. కాబట్టి నా మొదటి షరతు: ఈ అమ్మకం జరిగితే పైసా లాభం లేని మనిషి ఒకరు మీ తరఫున ఆ నేల మీద నిలబడాలి. అన్నదమ్ములైనా సరే, బ్రోకర్ దగ్గర కమిషన్ తీసుకుంటుంటే ఆ పనికి పనికిరారు.

ఊళ్లోనే ఉండి నేనూ ఒకసారి మోసపోయాను, అదీ చెప్పాలి. 2015లో ఒక సంస్థ వాళ్లు బస్సులో సైటుకి తీసుకెళ్లి, సోడా ఇచ్చి, ఆఫర్ ఆదివారంతో ఆఖరన్నారు. అక్కడికక్కడే 50,000 షిల్లింగులు బుకింగ్ కట్టేశాను. టైటిల్ ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. రెండేళ్లు ఆ ప్రాసెస్‌లోనే ఉంది. తిరిగి తిరిగి సగం రాబట్టుకున్నాను. ఇప్పుడు ‘ఆఫర్ ఆఖరు’ అన్న మాట వినపడితే ఫోన్ పెట్టేస్తాను.

కొనడానికి మీకు హక్కుందా?

చాలామంది ఈ ప్రశ్న దాటేసి నేరుగా రేటు దగ్గరికి పోతారు. 2010 రాజ్యాంగం 65వ అధికరణం ప్రకారం కెన్యా పౌరులు కానివాళ్లకి భూమి లీజు మీదే వస్తుంది, గరిష్ఠంగా 99 ఏళ్లు. కంపెనీ పేరు మీద కొంటే సరిపోతుందనుకోవద్దు. కంపెనీ మొత్తం పౌరుల చేతిలో ఉంటేనే దాన్ని కెన్యా కంపెనీగా లెక్కేస్తారు. ఇంకో చిక్కు ఉంది. ఊరి చివర ప్లాట్లలో చాలావాటికి కాగితాల్లో ఇంకా వ్యవసాయ భూమి అనే ఉంటుంది. అలాంటివాటికి ల్యాండ్ కంట్రోల్ బోర్డు అనుమతి కావాలి, విదేశీయులకి అది మామూలుగా రాదు. మన తెలుగువాళ్లకి నా సలహా ఒకటే: పట్నంలో లీజు కాగితం సరిగ్గా ఉన్న ఫ్లాటు చూసుకోండి, కిటెంగెలా ఎకరాల జోలికి పోకండి.

కెన్యావాళ్లకైనా ఒక మెలిక ఉంది. 2010కి ముందు ఇక్కడ రెండు పౌరసత్వాలు ఒప్పుకునేవారు కాదు. అప్పట్లో బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకి కెన్యా పౌరసత్వం పోయింది. దరఖాస్తు చేసి తిరిగి తెచ్చుకోవాలి. లీడ్స్‌లో నర్సుగా పనిచేసే నా పాత సహోద్యోగికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. ‘పుట్టింది న్యేరిలో, నేను విదేశీయురాలినా’ అని నా మీదే కోప్పడింది. ప్లాటు పక్కన పెట్టి ముందు ఆ పని చేసుకుంది. పన్నుల శాఖ ఇచ్చే పిన్ నంబర్ కూడా అప్పుడే తీసుకోమన్నాను. అది లేకుండా ఏ బదిలీ ముందుకు కదలదు.

కాగితం

అమ్మేవాళ్ల దగ్గర టైటిల్ కాపీ తీసుకుని అధికారిక సెర్చ్ చేయించండి. యజమాని ఎవరు, విస్తీర్ణం ఎంత, బ్యాంకు తాకట్టు ఉందా, ఎవరైనా అభ్యంతరం పెట్టారా అన్నవి అందులో కనిపిస్తాయి. 2021 ఏప్రిల్‌లో నైరోబీతో మొదలుపెట్టి అర్ధిసాసా అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చారు. స్వాహిలీలో అర్ధి అంటే భూమి, సాసా అంటే ఇప్పుడు. పేరు బాగుంది, సర్వర్ పనిచేస్తే అదీ బాగుంటుంది. మిగతా కౌంటీలని ఒక్కొక్కటిగా కలుపుతున్నారు. కలవనిచోట ఆ కౌంటీ రిజిస్ట్రీకి వెళ్లాల్సిందే. బ్రోకర్ పంపిన సెర్చ్ కాగితం మాత్రం చించెయ్యండి. మీ అడ్వొకేట్ సొంతంగా తీయించినదే సెర్చ్.

అక్కడితో ఆగొద్దు. స్థలం ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందో గ్రీన్ కార్డు అనే రిజిస్టరు పేజీలో ఉంటుంది. అదీ చూడాలి. 2023లో మొంబాసా సముద్రపు ఒడ్డు స్థలం కేసులో కెన్యా సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది: మొదటి కేటాయింపే పద్ధతి ప్రకారం జరగకపోతే, తర్వాత ఎంత నిజాయితీగా కొన్నా టైటిల్ నిలవదు. అంటే అమ్మేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, వాళ్లకి అమ్మినవాళ్లూ మంచివాళ్లే కావచ్చు, మూలంలో అది ప్రభుత్వ భూమి అయితే పోయేది మీ డబ్బే. 2011లో విమానాశ్రయ భూమి అని నైరోబీ శివారు స్యొకిమావులో ఇళ్లు కూల్చారు. 2023లో మరో శివారు మావొకోలో సిమెంటు కంపెనీ భూమి అని మళ్లీ కూల్చారు. ఆ ఇళ్లలో చాలామంది దగ్గర ఏదో ఒక కాగితం ఉంది.

తూర్పు నైరోబీ వైపు ‘షేర్ సర్టిఫికెట్’ చూపిస్తారు. భూములు కొనే సంఘాల్లో సభ్యత్వం ఉందనడానికి అది రుజువు, స్థలానికి కాదు. ధర సగమే ఉంటుంది, ఎందుకో మీకిప్పుడు తెలుసు.

నేల

నేను ఎక్కువసేపు గడిపేది ఇక్కడే. లీడ్స్ నర్సు ప్లాటు చూడ్డానికి కిటెంగెలా వెళ్లిన రోజు చెబుతాను. 50 అడుగులకి 100 అడుగులు. ఇక్కడ దీన్ని ఎకరంలో ఎనిమిదో వంతు అంటారు. లెక్కేస్తే 5,000 చదరపు అడుగులే, నిజమైన ఎనిమిదో వంతు 5,445. ఆ తేడా ఎక్కడికి పోతుందని అడిగితే నవ్వుతారు. కాగితం మీద హెక్టార్లలో ఉన్నదే లెక్క.

బ్రోకర్ రోడ్డు పక్కనే చదునైన ముక్క చూపించాడు. లీడ్స్‌కి పంపిన ఫొటో కూడా అదే. నా వెంట లైసెన్సున్న సర్వేయర్ వచ్చాడు, చేతిలో రిజిస్ట్రీ మ్యాపు, విభజన కాగితం. ఆయన ఏమీ మాట్లాడకుండా రోడ్డుకి వీపు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. తుమ్మ ముళ్లు దాటుకుంటూ మేమూ వెనకే. వంద మీటర్ల పైనే నడిచాక ఆగి, బూటుతో గడ్డి గీకి, పంగా కత్తితో మట్టి తవ్వాడు. అరచేయంత కాంక్రీటు దిమ్మ, మధ్యలో తుప్పుపట్టిన ఇనుప చువ్వ. అసలు బీకన్, అంటే సర్వే హద్దు గుర్తు, అది. ఇంకో పది అడుగుల్లో వాన నీళ్లు పారే వాగు. ఇటు తిరిగి చూస్తే బ్రోకర్ ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తున్నాడు. ‘నంబర్లు తారుమారయ్యాయి మామా’ అన్నాడు చివరికి.

ముందు ముక్క చూపించి వెనక ముక్క అమ్మడం ఇక్కడ పాత పద్ధతి. వాగు పక్కనైతే ఇంకో దెబ్బ, ఒడ్డున వదలాల్సిన జాగాలో కట్టనివ్వరు. 2024 వరదల తర్వాత నైరోబీలో నదుల ఒడ్డు ఇళ్లని పడగొట్టింది చూశాం కదా. సర్వేయర్ ఫీజు దండగ అనేవాళ్లకి నేను ఆ బీకన్ ఫొటో పంపిస్తాను.

తిరిగొచ్చేప్పుడు రోడ్డు పక్క రేకుల కొట్టులో చపాతీ తిన్నాం. కొట్టు నడిపే ఆమెని అడిగితే, ఆ ముక్క చూడ్డానికి ఆ నెలలోనే ముగ్గురొచ్చారని చెప్పింది. ఏ రిజిస్ట్రీలోనూ దొరకని సమాచారం. ఎప్పుడు వెళ్లినా పక్కవాళ్లతో ఒక అరగంట కూర్చోండి.

మట్టి కూడా చూడండి. కిటెంగెలా, స్యొకిమావు వైపు చాలాచోట్ల నల్లరేగడి. ఇక్కడా దాన్ని బ్లాక్ కాటన్ అనే పిలుస్తారు. వానకి ఉబ్బి, ఎండకి బిగుసుకుని గోడలు చీలుస్తుంది. దాన్ని తవ్వి పారేసి మొరం నింపాక గానీ పునాది వేయలేం. కియాంబు ఎర్రమట్టి ప్లాటు కన్నా ఇది చవక అని కొన్నవాళ్లు ఆ తేడాలో పెద్ద భాగం పునాదిలోనే పోస్తారు. నా లెక్కల్లో ఇది ప్రతిసారీ కనపడుతుంది.

డబ్బు

ఇద్దరికీ ఒకే అడ్వొకేట్ అయితే ఖర్చు కలిసొస్తుందంటారు. వద్దు. మీకంటూ వేరే అడ్వొకేట్ ఉండాలి, ఆయనకి ఈ ఏడాది ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉందో లేదో లా సొసైటీ ఆఫ్ కెన్యా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. మామూలుగా ఒప్పందం రోజు 10 శాతం, మిగతాది 90 రోజుల్లో పత్రాలన్నీ చేతికొచ్చాక. బ్రోకర్ సొంత ఎంపెసా (ఫోన్ ద్వారా డబ్బు పంపే) ఖాతాకి ఒక్క షిల్లింగు వెయ్యకండి. పట్నం స్థలానికి స్టాంపు డ్యూటీ 4 శాతం, గ్రామీణమైతే 2. ఇరవై లక్షల ప్లాటుకి 80,000 అన్నమాట, ముందే పక్కన పెట్టుకోండి. అమ్మేటప్పుడు లాభం మీద పన్ను 2023 నుంచి 15 శాతం, అంతకుముందు 5 ఉండేది. పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వక తప్పకపోతే ఈ ఒక్క ప్లాటుకే అని రాయించండి. ‘నా ఆస్తులన్నిటికీ’ అని సంతకం పెట్టినవాళ్ల కథలు నాకు చాలా తెలుసు.

డాలర్ సంగతి కూడా చూసుకోండి. 2024 జనవరిలో డాలరుకి 160 షిల్లింగులు దాకా వచ్చాయి, ఆ ఏడాది మధ్యకల్లా 130 లోపు. అదే ప్లాటు, అదే షిల్లింగు ధర, అమెరికాలో ఉన్నవాళ్లకి ఆరు నెలల్లో పావువంతు దాకా ప్రియమైంది. దీన్ని ఏ బ్రోకరూ చెప్పడు.

వేరే నగరాలైతే

ఘనా రాజధాని అక్రాలో భూమి ఎక్కువగా సంప్రదాయ పెద్దల చేతిలో, కుటుంబాల చేతిలో ఉంటుంది. ఒకే స్థలాన్ని ఒకే కుటుంబంలో ఇద్దరు అమ్మేయడం అక్కడి తలనొప్పి. కాబట్టి సంతకం పెట్టే హక్కు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. విదేశీయులకి అక్కడ లీజు 50 ఏళ్లే. నైజీరియాలోని లేగోస్‌లో 1978 చట్టం ప్రకారం భూమి గవర్నర్ అధీనంలో ఉంటుంది, బదిలీకి ఆయన సమ్మతి కావాలి. కట్టడం మొదలెట్టగానే ‘ఒమో ఒనిలె’ అనే స్థానిక కుర్రాళ్లు వాటా అడగడానికి వస్తారు. ఉగాండా రాజధాని కంపాలాలో మైలో అనే తరహా భూమి అయితే టైటిల్ ఒకరిది, లోపల కాపురం ఉండే హక్కు ఇంకొకరిది. ఇద్దరితోనూ మాట్లాడాలి.

కొన్నాక

ఇల్లు కట్టమని బంధువుకి మొత్తం ఒకేసారి పంపొద్దు. పునాది, గోడలు, పైకప్పు, ఇలా దశకొక విడత. ఫొటోలు నమ్మొద్దు, వీడియో కాల్ చేసి గేటు దగ్గర మొదలుపెట్టి నీళ్ల ట్యాంకు దాకా నడవమనండి. మా పక్కింటావిడ చెల్లెలికి మూడేళ్లపాటు పక్క వీధి ఇంటి ఫొటోలు పంపారు. పట్టించింది ట్యాంకు మూత మీదున్న పగులు. పక్క వీధి పాత ఇంటి ఫొటోలోనూ, ‘మీ కొత్త ఇల్లు’ అని పంపిన ఫొటోలోనూ అదే మూత.

ఖాళీగా వదిలేసినా ఊరుకోకూడదు. పన్నెండేళ్లు ఎవరైనా అడ్డు లేకుండా ఆక్రమించి ఉంటే కోర్టులో హక్కు అడగొచ్చు. లీడ్స్ నర్సు ఆ రోడ్డు పక్క ముక్క కోసం మళ్లీ బేరమాడింది, ఈసారి నిజంగా ఆ నంబర్‌కే. ముళ్లకంచె వేయించి, చపాతీ కొట్టు ఆమెకి చిక్కుళ్లు వేసుకోమని ఇచ్చింది, ఏడాదికో కాగితం రాయించుకుని. ప్రతి జనవరిలో నేను కొత్త సెర్చ్ తీయించి, నాలుగు బీకన్లు ఫొటో తీసి పంపుతాను. పోయినసారి మూడే కనపడ్డాయి, నాలుగోది చిక్కుడు తీగల కింద ఉంది.