పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్లే కనిపిస్తున్నాయా? ముందు కంప్యూటర్ సంగతి చూడండి

పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్ల మీద చిన్న బాణం గుర్తు ఉందా? లేదంటే మీ ఫైళ్లేవీ కనపడకుండా, ఆ డ్రైవ్ పేరుతోనే ఒక్క షార్ట్‌కట్ మాత్రం కూర్చుని ఉందా? దాన్ని నొక్కకండి. కంగారుపడి ఫార్మాట్ కూడా కొట్టకండి. మీ ఫైళ్లు మామూలుగా అందులోనే ఉంటాయి, ఓ చెడ్డ ప్రోగ్రాం వాటిని కనపడకుండా దాచేసిందంతే. అందరూ దీన్ని షార్ట్‌కట్ వైరస్ అంటారు గానీ ఇది వర్మ్ జాతి. వైరస్ ఇంకో ఫైల్‌ని అంటుకుని బతుకుతుంది, వర్మ్‌కి ఆ అవసరం లేదు, అదే ఒక పూర్తి ప్రోగ్రాం, తన కాపీలు తనే చేసుకుంటూ పోతుంది.

నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపులు, ఒంగోలు అద్దంకి బస్టాండ్ వైపు డీటీపీ సెంటర్లు, కావలి, కందుకూరు, ఎక్కడైనా చూడండి, ఒకే సీపీయూకి రోజంతా ఊళ్లో పెన్‌డ్రైవులన్నీ ఎక్కి దిగుతుంటాయి. ఉద్యోగం అప్లికేషన్ కోసం వచ్చిన పిల్లోడిది, రొయ్యల చెరువు లెక్కలు ఎక్సెల్‌లో రాసుకునే ఆయనది, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ బిల్లులు ప్రింట్ తీసుకునే గుమస్తాది. పైగా చాలా డీటీపీ షాపుల్లో ఇంకా విండోస్ 7 నడుస్తోంది, ఎందుకంటే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అనూ తెలుగు ఫాంట్లు దాంట్లో ఇబ్బంది పెట్టకుండా పని చేస్తాయి, పెళ్లి కార్డుల సీజన్లో ఎవరు మాత్రం సిస్టం మారుస్తారు? కాకపోతే విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

వర్మ్‌లు పాకే దారులు ముఖ్యంగా మూడు: నెట్‌వర్క్, మెయిల్, పెన్‌డ్రైవ్. 1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే అమెరికా విద్యార్థి వదిలిన వర్మ్ నెట్‌వర్క్ మీదే పాకింది. ఒకే మెషిన్‌లోకి మళ్లీ మళ్లీ దూరుతూ పోయేసరికి ఆ మెషిన్లు భారం మోయలేక చతికిలపడ్డాయి. 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అని ప్రేమలేఖలా మెయిల్లో వచ్చింది ఇంకోటి, తెరిచినవాళ్ల అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనే వెళ్లిపోయింది. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అయితే విండోస్‌లో ఉన్న కన్నం, తేలిక పాస్‌వర్డులు, పెన్‌డ్రైవులు, ఇన్ని దారులూ వాడుకుంది. ఇక 2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి దొరికాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే ఇచ్చింది! 'తర్వాత గుర్తు చేయి' అని నొక్కే వాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

మన పెన్‌డ్రైవ్ వర్మ్ పని తీరు చూద్దాం. ఒకప్పుడు ఆటోరన్ వల్ల పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, దానంతటదే నడిచేది. 2011లో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లకి కూడా అప్‌డేట్ పంపి పెన్‌డ్రైవులకి ఆ ఆటోరన్ ఆపేసింది. దాంతో వర్మ్‌కి మన చేత్తో నొక్కించుకోవాల్సిన అవసరం పడింది. అందుకని మీ ఫోల్డర్‌ని దాచేసి, అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. మీరు నొక్కితే ముందు వర్మ్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది, కాబట్టి అనుమానమే రాదు. ఈలోపు అది కంప్యూటర్లో యాప్‌డేటా లాంటి మూల ఫోల్డర్‌లోకి కాపీ అయి, స్టార్టప్‌లో పేరు రాయించుకుని, తర్వాత వచ్చే పెన్‌డ్రైవ్ కోసం కాచుకుని ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా మళ్లీ వచ్చేది ఇందుకే. సిస్టం ముందు, పెన్‌డ్రైవ్ తర్వాత. ఈ వరుస తప్పితే చేసిన పనంతా దండగ.

ఇక్కడ చెప్పేది విండోస్ 10, 11లో చేసే తీరు. మొదట నెట్ తీసేయండి, వైఫై అయినా కేబుల్ అయినా. పెన్‌డ్రైవులన్నీ పీకేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో డీటెయిల్స్‌కి వెళ్లి డబ్ల్యూస్క్రిప్ట్ అనేది నడుస్తోందేమో చూడండి. ఇది విండోస్ సొంత ప్రోగ్రామే, దాన్ని డిలీట్ చేయకూడదు, వర్మ్ దాన్ని పనివాడిలా వాడుకుంటుందంతే. పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'కమాండ్ లైన్' అనే కాలమ్ తెచ్చుకుంటే ఏ ఫోల్డర్‌లో ఉన్న ఏ స్క్రిప్ట్‌ని అది నడుపుతోందో మొత్తం దారి కనపడుతుంది, చాలామంది చూడని చోటు ఇదే. ఆ దారి కాయితం మీద రాసుకుని, ప్రాసెస్‌ని ఎండ్ టాస్క్ చేసి, ఆ స్క్రిప్ట్ ఫైల్‌ని డిలీట్ చేయండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ చూడండి, మీరు పెట్టనిది, అర్థం కాని అక్షరాల పేరుతో ఉన్నది ఏదైనా ఉంటే డిసేబుల్ చేయండి. ప్రోగ్రాంలని వేళకి నడిపే టాస్క్ షెడ్యూలర్ మీద కూడా ఒక కన్నేయండి. రిజిస్ట్రీ జోలికి మాత్రం అలవాటు లేనివాళ్లు వెళ్లొద్దు.

ఇప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌తో కాసేపు నెట్ ఇచ్చి విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని అప్‌డేట్ చేసి ఫుల్ స్కాన్ పెట్టండి. హార్డ్‌డిస్క్ పెద్దదైతే గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మేలు. అది అయ్యాక స్కాన్ ఆప్షన్స్‌లోనే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేయాలి. సిస్టం రీస్టార్ట్ అయి విండోస్ లేవక ముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే వాటికి ఇది గట్టి మందు, పావుగంటలో అయిపోతుంది. చేస్తున్న పని సేవ్ చేసుకుని మొదలుపెట్టండి. డిఫెండర్ అసలు ఆన్ కాకపోతే వర్మే దాన్ని ఆపి ఉండొచ్చు, అప్పుడు వేరే మంచి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి, డౌన్‌లోడ్ చేసిన 10 రోజుల వరకే పని చేస్తుంది. మన ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. క్రాక్ చేసిన యాంటీవైరస్ మాత్రం వద్దండి బాబూ, దొంగను పట్టుకోడానికి ఇంకో దొంగను పిలవడం అది.

సిస్టం శుభ్రమైందని తేలాక పెన్‌డ్రైవ్ పెట్టండి. దాని అక్షరం జి అనుకుందాం. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫోన్లో చెప్పి టైప్ చేయించినట్టు చెబుతా, రాసుకోండి: అట్రిబ్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి, స్పేస్, జి కోలన్ బ్యాక్‌స్లాష్ స్టార్ డాట్ స్టార్. ఎంటర్. అట్రిబ్ ఇంగ్లీషు స్పెల్లింగులో ఏ తర్వాత రెండు టీలు. జి బదులు పొరపాటున సి కొట్టకండి, అక్కడ విండోస్ కావాలనే దాచుకున్న ఫైళ్లుంటాయి. కమాండ్ అయిపోగానే మీ ఫోల్డర్లు బయటికొస్తాయి. కొన్ని రకాల వర్మ్‌లు అన్నిటినీ పేరే లేని ఒక ఫోల్డర్‌లో కుక్కుతాయి, ఖాళీగా కనిపించే ఆ ఫోల్డర్ లోపల చూడండి. షార్ట్‌కట్లు, మీకు తెలియని స్క్రిప్ట్ ఫైళ్లు తీసేసి, డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం సిస్టంలోకి కాపీ చేసుకుని స్కాన్ చేసి, అప్పుడు ఫార్మాట్ కొట్టండి.

షాపులో నాలుగు సిస్టంలు ఒకే నెట్‌వర్క్‌లో (లాన్) కలిపి ఉంటే నాలుగూ ఒకే రోజు, కేబుళ్లు పీకి చేయాలి. పక్క రొయ్యల చెరువులో తెల్లమచ్చ రోగం ఉండగా మన చెరువు ఒక్కటే బాగుచేసుకుంటే ఏం లాభం? ఆఫ్‌లైన్ స్కాన్ అయ్యాక కూడా తిరిగి వస్తుంటే ఇంక తంటాలు పడొద్దు, ట్యాలీ డేటా, ఫైళ్లు మాత్రం బయటికి తీసి విండోస్ కొత్తగా వేయించండి. ఆ కంప్యూటర్లో మెయిల్, బ్యాంకు లాగిన్లు వాడి ఉంటే పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి, డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక ప్రింట్ కోసం బయటికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్ ఎందుకసలు? పీడీఎఫ్ చేసి షాపువాళ్ల మెయిల్‌కో వాట్సాప్‌కో పంపండి, పని అవ్వగానే అన్నా డిలీట్ చేయండి అని అడిగి మరీ చేయించండి. ఫొటో స్టూడియో వాళ్లకీ, ఆల్బం డిజైన్‌కి కార్డులు పట్టుకు తిరిగేవాళ్లకీ ఒక చిట్కా: ఎస్‌డీ కార్డు పక్కన చిన్న లాక్ ఉంటుంది, కిందికి జరిపి ఇస్తే చాలా రీడర్లలో దాని మీద ఏమీ రాయడం కుదరదు. మైక్రో కార్డుకి ఆ లాక్ ఉండదు, అడాప్టర్‌లో పెట్టి అడాప్టర్ లాక్ జరపాలి.