విశ్వాసి ఇంటి జమాఖర్చులు: డబ్బు ఏ వరుసలో బయటికి వెళ్ళాలి

ఆదివారం ఆరాధనలో కానుకల సంచి మన వరుస దగ్గరికి వచ్చినప్పుడు తప్ప, డబ్బు సంగతి దేవుని సన్నిధికి తీసుకురావాలని మనలో చాలామందికి తోచదు. పాల బిల్లు, గ్రూపు లోను కంతు, నెలాఖరు చీటీ, బంధువుల పెళ్ళిలో చదివింపులు అన్నీ లోకవ్యవహారాలుగానే జరిగిపోతుంటాయి. బైబిలు మాత్రం కానుక గురించి ఎంత సూటిగా చెబుతుందో అప్పు, కూలి, పూచీ, నిల్వ, ఇంటివారి పోషణ గురించి కూడా అంతే సూటిగా చెబుతుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో నెలజీతం మీదనో, మామిడితోట మీదనో, రెండు ఆవుల మీదనో బతికే క్రైస్తవ కుటుంబం ఆ మాటలను ఇంట్లో ఎలా ఆచరణలో పెట్టవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాను. విశ్వాసం మనకు రాబడి పెంచుతుందని నేను మాట ఇవ్వలేను. వచ్చిన డబ్బు ఏ వరుసలో బయటికి వెళ్ళాలో అది చెబుతుంది, ఇంటికి కావలసిన నెమ్మదిలో చాలా భాగం ఆ వరుసలోనే ఉంది.

మొదట తగులుబడి లెక్క

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని "తగులుబడి లెక్కచూచుకొనడా" అని లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు అడిగారు. ఆ మాట శిష్యరికానికి చెల్లించవలసిన వెల గురించి చెప్పినదే అయినా, లెక్క చూసుకోవడం ఇంగితమున్న ఎవరైనా చేసే పని అన్న నమ్మకం మీదనే ఆ పోలిక నిలబడింది. కాబట్టి ఒక రూళ్ళ నోటుపుస్తకం కొని, ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు, మూడు నెలలపాటు ఒక్క రూపాయి కూడా విడవకుండా రాయండి. ఫోనులో చెల్లించినవి సులభంగా మరుగున పడతాయి గనుక వారానికి ఒకసారి, శనివారం రాత్రి అయితే మేలు, భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని ఫోను తెరిచి వాటిని పుస్తకంలోకి ఎక్కించాలి. ఒకరికి తెలియని అప్పు మరొకరి పేరున బయటపడేది సాధారణంగా ఈ దశలోనే. అందుకని మొదటి నెల ఒకరి మీద ఒకరు నేరం మోపుకోకుండా కేవలం రాయడానికే పరిమితం కావడం మంచిది.

ఆవులున్న ఇంట్లో ఈ లెక్క ఇంకొంచెం నిశితంగా ఉండాలి. "నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుము" అని సామెతల గ్రంథం 27వ అధ్యాయం చెప్పిన మాట మన పల్లెలకు అక్షరాలా వర్తిస్తుంది. ఉదాహరణకు ఒక ఇంటివారు పదిహేను రోజులకు 9,000 రూపాయల పాలు పోశారనుకుందాం. అందులో దాణా మూటలకు 3,600, ఆవుల లోను కంతుకు 2,500, మందులకు 400 పోతే చేతికి మిగిలేది 2,500 రూపాయలు. పచ్చిమేత, వరిగడ్డి, ఇంటావిడ తెల్లవారుజాము నుంచి పడే కష్టం ఇంకా ఇందులో చేరలేదు. పట్టుబడులు, అంటే ముందే పట్టుకున్న కోతలు, పోను ఇచ్చిన మొత్తాన్నే ఆదాయమని రాసుకుంటే ఆవు ఇంటిని పోషిస్తున్నదో, ఇల్లే ఆవును పోషిస్తున్నదో ఎన్నటికీ తెలియదు.

మామిడితోట ఉన్నవారికి యోసేపు కథ కన్నా మంచి పాఠం లేదు. సమృద్ధిగా పండిన ఏడేళ్ళలో పంటలో ఐదవ భాగం తీసి నిల్వ చేయించమని ఆయన ఐగుప్తు రాజైన ఫరోకు చెప్పాడు. 2025 సీజనులో తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా అందులో 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించవలసి వచ్చిన సంగతి మన జిల్లా రైతులెవరూ మరచిపోలేదు. అటువంటి ఏడాది మళ్ళీ రాదని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు. కాయ డబ్బు వచ్చిన రోజునే, ఖర్చులు పోను మిగిలినది 1,80,000 అయితే, 36,000 రూపాయలను బ్యాంకులో డిపాజిట్ వేసి, మిగిలిన 1,44,000ను పన్నెండుతో భాగించి నెలకు 12,000 చొప్పున వాడుకోవాలి. జూలైలో చేతినిండా డబ్బు, మార్చిలో చేబదుళ్ళు అన్న తిప్పలు దీనితో చాలావరకు తగ్గుతాయి.

ఇతరులకు చెందినది మన దగ్గర ఆగకూడదు

కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం 19వ అధ్యాయం ఆజ్ఞ. కాయలు కోసిన కూలీలకు, ఇంట్లో పనిచేసే ఆవిడకు, ఆటో అతనికి ఇవ్వవలసినది కానుక కన్నా ముందు పుస్తకంలోంచి బయటికి వెళ్ళాలి. మండీ నుంచి డబ్బు రాలేదన్న సాకు మనకు నిజమే కావచ్చును గాని, కూలికి వచ్చినవారి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి దానితో వెలగదు.

కానుక: ఎంత, ఎప్పుడు, ఎవరికి

దశమభాగం నేటి విశ్వాసికి ఆజ్ఞా, లేక మంచి అలవాటా అన్న విషయంలో సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆ వాదంలోకి పోకుండా ఇంటికి పనికివచ్చే రెండు మాటలు పౌలు పత్రికలలో దొరుకుతాయి. ప్రతి ఆదివారం తాను వర్ధిల్లిన కొలది కొంత సొమ్ము నిల్వ చేయాలన్నది మొదటి కొరింథీ పత్రిక 16వ అధ్యాయంలో ఉంది. సణుగుకొనకయు బలవంతముగా కాకయు హృదయంలో నిశ్చయించుకొనిన ప్రకారం ఇవ్వాలన్నది రెండవ పత్రిక 9వ అధ్యాయంలో ఉంది. అంటే కానుక ముందుగా నిశ్చయించుకోవలసినది, రాబడిని బట్టి మారేది, ఒత్తిడికి లొంగి ఇవ్వకూడనిది. జీతం పడిన రోజునే ఆ మొత్తాన్ని ఒక కవరులో వేరుగా పెట్టండి. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు.

అప్పులు లేని కుటుంబానికి పదవ వంతు మంచి కొలమానమని నా అభిప్రాయం. అధిక వడ్డీలో మునిగి ఉన్నవారు తమకు చేతనైన చిన్న మొత్తాన్ని క్రమం తప్పకుండా ఇస్తూ, మిగిలినది అప్పుకు మళ్ళిస్తే అది విశ్వాసలోపం కాదు. కలిమి కొలది ఇచ్చినదే ప్రీతికరమని అదే రెండవ పత్రిక 8వ అధ్యాయం చెబుతున్నది. కానుక కోసం అప్పు చేయడం మాత్రం ఏ కారణంతోనూ తగదు. "వెయ్యి రూపాయలు విత్తితే నూరంతలు కోస్తారు" అంటూ వేదిక మీద నుంచి గాని, ఫోను తెర మీద నుంచి గాని క్యూఆర్ కోడ్ చూపించి అడిగేవారు కానుకను వడ్డీవ్యాపారంగా మారుస్తున్నారు. అటువంటి చోట ఇవ్వకుండా లేచి రావడానికి ఎవరూ సిగ్గుపడనవసరం లేదు.

కొర్బాను, అంటే దేవార్పితం, అన్న పేరు చెప్పి తల్లిదండ్రుల పోషణ మానుకున్నవారిని యేసు మార్కు సువార్త 7వ అధ్యాయంలో కఠినంగా మందలించారు. ఊళ్ళో అమ్మకు బీపీ మాత్రలు అయిపోయి ఉండగా ప్రార్థన మందిరం పైకప్పుకు వేలకు వేలు రాయించేవారు ఆ భాగాన్ని ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలి. కోత పండుగ వేలంపాటలో నూరు రూపాయల గుమ్మడికాయను వెయ్యికి పాడటంలో ఉన్న సంబరాన్ని నేను కాదనను. 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ కాలం నుంచి సంఘాలు వేళ్ళూనుకున్న ఈ ప్రాంతంలో ఆ పండుగకు తనదైన అందం ఉంది. అయితే పాటకు వెళ్ళే ముందే ఇంత వరకే అని ఇంట్లో అనుకొని వెళ్ళాలి. వంట వండే ప్రతి పూటా తీసి ఉంచే గుప్పెడు బియ్యం మాత్రం, ఏ బడ్జెట్‌నూ కదిలించకుండా నిత్యం ఇవ్వడం నేర్పే గొప్ప అలవాటు.

అప్పు తీర్చే పద్ధతి

"అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు" అని సామెతలు 22వ అధ్యాయం అంటుంది. ఆ దాస్యం ఎంతటిదో తెలియాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీని సంవత్సరానికి లెక్కగట్టి చూడాలి, అది 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. 60,000 రూపాయలను రెండు రూపాయల వడ్డీకి తీసుకొని నెలనెలా 1,200 వడ్డీ మాత్రమే కడుతూ పోతే, 17 నెలలకు 20,400 చెల్లించిన తరువాత కూడా అసలు 60,000 అలాగే ఉంటుంది. అదే నెలకు 4,200 చొప్పున కట్టి, వడ్డీ పోను మిగిలినది అసలులో జమ చేయించుకుంటే సుమారు 17 నెలలలో అప్పు మొత్తం తీరిపోతుంది. ఆ అదనపు 3,000 ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు మూడు నెలలు రాసిన నోటుపుస్తకమే కొంత జవాబు చెబుతుంది.

చెల్లించిన ప్రతిసారీ ప్రోనోటు వెనుక తేదీతో సహా చెల్లు రాయించుకోవాలి. "మనవాళ్ళే కదా" అని నోటిమాటతో వదిలేసిన చెల్లింపులు తరువాత పేచీలకు దారితీస్తాయి. అసలును కొద్దికొద్దిగా తీసుకోవడానికి వడ్డీకిచ్చినాయన ఒప్పుకోకపోతే, ఆ 3,000ను పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లోనో, బ్యాంకులోనో కూడబెట్టి ఒకేసారి తీర్చాలి. ఇంట్లో బంగారం బీరువాలో ఉండగా బయట మూడు రూపాయల వడ్డీ కట్టడం తెలివైన పని కాదు. బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ అప్పు తీర్చివేస్తే వడ్డీ సగానికి పైగా తగ్గే అవకాశం ఉంది. బంగారం విడిపించుకునే తేదీని మాత్రం ఆ రోజే పుస్తకంలో రాసుకోవాలి, లేకుంటే ఏటేటా వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం దగ్గరే ఆగిపోతాము.

ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలి కథలో వరుసను గమనించండి. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి అన్నాడు ప్రవక్త. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అప్పు మాఫీ కాలేదు, ఆమె తన చేతులతోనే తీర్చింది.

ఇతరుల అప్పుకు పూచీ పడవద్దని సామెతలు 6వ అధ్యాయం ఎంత గట్టిగా హెచ్చరించినా మనవారికి మొహమాటం ఎక్కువ. ముఖ్యంగా ఉపాధ్యాయులను, ప్రభుత్వ ఉద్యోగులను జీతం సర్టిఫికెట్ ఇచ్చి చీటీకి జామీను సంతకం పెట్టమని సంఘస్థులే అడుగుతుంటారు. ఆ మొత్తం మీరే కట్టవలసి వచ్చినా ఇల్లు గడుస్తుందా అని లెక్క చూసుకొని, గడవదనుకుంటే "అన్నా, నా చేతనైనది ఇస్తాను గాని సంతకం పెట్టలేను" అని చెప్పడమే మేలు. చీటీల సంగతికి వస్తే, 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చోట మాత్రమే వేయాలి. నిర్వాహకుని కమీషను 7 శాతానికి మించకూడదని ఆ చట్టంలోనే ఉంది. సంఘపెద్ద నడుపుతున్నాడన్నది రిజిస్ట్రేషనుకు ప్రత్యామ్నాయం కాదు. మొదటి నెలల్లో పాడుకున్న చీటీ పొదుపు అనిపించుకోదు, అది అప్పే.

ఆపదకు నిల్వ

ఇంటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం అంటున్నప్పుడు, బీమా తీసుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టేనన్న వాదన నిలబడదు. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి, 20 రూపాయలతో సురక్షా బీమా తీసుకోవచ్చు. రెండూ రెండేసి లక్షలవే, రెండవది ప్రమాదాలకు మాత్రమే. అర్ధరాత్రి వేలూరు ఆసుపత్రికి బయలుదేరవలసి వస్తే వడ్డీవ్యాపారి తలుపు తట్టనవసరం లేకుండా, మూడు నెలల ఇంటిఖర్చు వేరే ఖాతాలో ఉంచుకోండి.

చాలు అనే అంకె

"పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము" అన్న ప్రార్థన సామెతలు 30వ అధ్యాయంలో ఉంది. దానిని నిజంగా ప్రార్థించే ధైర్యం మనకు ఉన్నదా అని నాకు తరచు సందేహం కలుగుతుంది. పౌలు సైతం సంతృప్తిని నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాశాడు, అంటే అది అభ్యాసం వల్ల వచ్చేది. అభ్యాసానికి ఒక మార్గం ఏమిటంటే, ఇంటికి నెలకు ఎంత చాలునో అంకె రాసి పెట్టుకోవడం, ఇంక్రిమెంటు వచ్చిన నెలలో ఆ అంకెను పెంచకుండా అదనంగా వచ్చినదాన్ని అప్పుకు, నిల్వకు, కానుకకు పంచడం. ధరలు పెరుగుతాయి కనుక ఏడాదికి ఒకసారి అంకెను సవరించుకోవచ్చు.

క్రిస్మస్ ప్రతి డిసెంబరులోనూ వస్తుందన్న విషయం అందరికీ తెలిసినదే అయినా, ఇంటికి సున్నం, అందరికీ కొత్త బట్టలు, నక్షత్రం దీపాలు, వచ్చినవారికి బిర్యానీ అన్నీ ఆ నెల జీతం మీదనే పడుతుంటాయి. జనవరి నుంచి నెలకు వెయ్యి చొప్పున విడిగా వేస్తే నవంబరు చివరికి 11,000 సిద్ధంగా ఉంటుంది. పండుగ ఆ డబ్బులోనే జరిగితే జనవరి ఒకటిన బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దానపు కార్డు తీసుకునేటప్పుడు మనసు తేలికగా ఉంటుంది.

వీలునామా

మనవాళ్ళు ఎక్కువగా నిర్లక్ష్యం చేసే పని ఇది. క్రైస్తవులకు 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త చనిపోతే మూడింట ఒక వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా వస్తాయి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. అయితే పిల్లలు ఉన్నప్పుడు చనిపోయినవారి తల్లిదండ్రులకు ఆ చట్టం ప్రకారం వాటా రాదు. ముసలి తల్లి మీ మీదనే ఆధారపడి ఉంటే వీలునామా రాయడం తప్ప వేరే దారి లేదు. రాసినవారు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారు గాని, వారి భర్త లేదా భార్య గాని సాక్షిగా ఉంటే వారికి రాసిన భాగం చెల్లదు. పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దవుతుంది గనుక మళ్ళీ రాయాలి. దగ్గరి బంధువులున్న క్రైస్తవులు మతధర్మ సంస్థలకు ఆస్తి రాయడం మీద ఈ చట్టంలో ఉన్న ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది కాబట్టి, సంఘానికో అనాథాశ్రమానికో కొంత రాయదలచినవారికి ఇప్పుడు ఆ అడ్డంకి లేదు. రికార్డులలో కుటుంబం మతం వేరుగా నమోదై ఉంటే మాత్రం ముందుగా న్యాయవాదిని సంప్రదించాలి.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయించుకుంటే తరువాత వివాదాలు తగ్గుతాయి. అసలు ప్రతి ఎక్కడ ఉన్నదో భార్యకూ, పెద్దబిడ్డకూ చెప్పి, నోటుపుస్తకం మొదటి పేజీలో కూడా రాసి ఉంచండి.