మన కారు గురించి మనం – 7వ పాఠం: టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చాలి?

పోయిన పాఠంలో మీ బండికి టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలు ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు బెల్ట్) ఉందో, అదే పని చేసే ఇనుప చైన్ ఉందో కనుక్కోమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకే మాట: "బోనెట్ ఎత్తి చూశానండీ, బెల్టే ఉంది, పగుళ్లేమీ లేవు." ఒకాయన టార్చ్ లైటు వేసి మరీ ఫొటో తీసి పంపారు. అన్ని ఫొటోల్లోనూ ఉన్నది బయటి బెల్ట్. బోనెట్ ఎత్తగానే కనిపించేది టైమింగ్ బెల్ట్ కాదని నేను అప్పుడే రాసి ఉండాల్సింది. కాబట్టి కొత్త పాఠానికి ముందు ఇది తేల్చుకుందాం.

బయట కనిపించే బెల్ట్ మీద గాళ్లు పొడవునా ఉంటాయి, టేపు మీద గీతలు గీసినట్టు. అది ఆల్టర్నేటర్‌నీ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) ఏసీ కంప్రెసర్‌నీ తిప్పుతుంది. షెడ్డులో దాన్ని ఇప్పటికీ ఫ్యాన్ బెల్ట్ అనే అంటారు. టైమింగ్ బెల్ట్‌కి పళ్లు అడ్డంగా, నిచ్చెన మెట్లలా ఉంటాయి. అది ఇంజన్ పక్కన మూత వెనకాల ఉంటుంది, మూత విప్పితే తప్ప కనపడదు. బయటిది తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఏసీ ఆగుతుంది. టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచితే కొన్ని బళ్లలో దగ్గర్లోని షెడ్డు దాకా పోవచ్చు. లోపలిది తెగితే ఇంజన్ ఆ క్షణమే ఆగిపోతుంది.

1.3 డీజిల్ స్విఫ్ట్, కె10 ఇంజన్ ఆల్టో లాంటివి ఉన్నవాళ్లకు చైనే. మీరు ఆయిల్ వేళకు మారిస్తే చాలు, ఈ పాఠం అవసరం లేదు.

ఈ రెండు బెల్టుల తేడా మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మా బావగారి సెకండ్‌హ్యాండ్ ఇండికా డీజిల్‌లో శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు దాటి అడవిలోకి వచ్చాక బండి ఒక్కసారిగా మూగబోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. సెల్ఫ్ కొడితే ఎప్పుడూ వచ్చే ఆ ఆగి ఆగి మూలిగే శబ్దం రాలేదు. ఖాళీ మిక్సీ తిరిగినట్టు, అడ్డేమీ లేకుండా ఒకే ధారగా తిరిగింది. ఆ శబ్దం గుర్తుపెట్టుకోండి. వాల్వులు (సిలిండర్లలోకి గాలి రావడానికీ పొగ పోవడానికీ తెరుచుకునే మూతలు) మూసుకోక సిలిండర్లలో కంప్రెషన్, అంటే గాలి నొక్కుకోవడం, లేనప్పుడు అలా తిరుగుతుంది. అది వినగానే తాళం తీసేయాలి. మాకు తెలియక నాలుగుసార్లు కొట్టాం. హెడ్ (ఇంజన్ పైభాగం) దింపి చూస్తే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయాయి. బండి అమ్మినాయన బెల్ట్ మార్పించానని బిల్లు కూడా ఇచ్చాడు. దాని మీద "బెల్ట్ – 1" అని మాత్రమే ఉంది. ఆయన మార్పించింది బయటి బెల్ట్.

వాల్వులు ఎందుకు వంగుతాయంటే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 2,000 చుట్లు) దగ్గర ఉంటే ఒక్కో వాల్వు సెకనుకి 16 సార్లకు పైగా తెరుచుకుంటుంది. బెల్ట్ తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పిస్టన్లు మాత్రం బండి వేగానికి ఇంకా పైకి వస్తూనే ఉంటాయి, చాలా ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వులకు తగులుతాయి. డీజిల్ ఇంజన్లలో వాటి మధ్య సందు చాలా తక్కువ.

ఇప్పుడు అసలు పాఠం. బెల్ట్ ఎప్పుడు మార్చాలన్నది కంటితో చూసి తేల్చేది కాదు. పైకి నిగనిగలాడే బెల్ట్‌లో కూడా లోపలి ఫైబర్ దారాలు అలసిపోయి ఉండొచ్చు, పళ్ల మొదళ్లు బలహీనపడి ఉండొచ్చు. చూడాల్సింది కాగితం. మాన్యువల్లో మెయింటెనెన్స్ పట్టిక తీయండి. చాలా బళ్లకు 60,000 నుంచి 1,00,000 కి.మీ. మధ్య ఒక అంకె ఉంటుంది. దాని పక్కనే చాలాసార్లు నెలల లెక్కో, ఏళ్ల లెక్కో కూడా ఉంటుంది. రెంటిలో ఏది ముందు వస్తే అది గడువు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండో అంకెను ఎవరూ చదవకపోవడం.

విజయవాడలో ఒక పెద్దాయన, ఆయన భార్య. పిల్లలు డాలస్‌లో ఉంటారు. ఇంట్లో 2015 మోడల్ ఐ10, 1.1 పెట్రోల్, బెల్ట్ ఇంజన్. రీడింగ్ 31,400. గుడికి, ఆస్పత్రికి, నెలకోసారి గుంటూరుకి. "తిరగని బండి నాయనా, బెల్ట్ ఎందుకు పాడవుతుంది?" అని ఆయన ప్రశ్న. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. బీరువాలో పాత కాగితాలకు చుట్టిన రబ్బరు బ్యాండు తీసి ఒకసారి లాగండి. ఎవరూ వాడలేదు, అయినా పుటుక్కున తెగుతుంది. కుక్కర్ గాస్కెట్ కూడా ఇంతే, అటక మీద పెట్టినా గట్టిపడుతుంది. టైమింగ్ బెల్ట్ కూడా రబ్బరే. పైగా బండి నిలబడి ఉన్నా అది టెన్షనర్ (బెల్ట్‌ను బిగించి ఉంచే భాగం) బిగింపులోనే, పుల్లీల చుట్టూ వంగే ఉంటుంది. వారం రోజులు కదలకుండా ఉండి, ఆదివారం ఒక్కసారి సెల్ఫ్ కొట్టగానే మొదటి కుదుపు దాని పళ్ల మీదే పడుతుంది. పోర్టికోలో ఉన్న బండికి కిలోమీటర్లు ఆగుతాయి గానీ ఏళ్లు ఆగవు. ఆ ఇంట్లో బెల్ట్‌కి పదేళ్లు దాటాయి. మార్పించారు.

మాన్యువల్ ఏళ్ల మాట చెప్పకపోతే నేను ఐదేళ్లు పెట్టుకుంటాను. ఇది నా అలవాటే గానీ కంపెనీ మాట కాదు. లెక్క కూడా కొన్న తేదీ నుంచి కాకుండా ఆర్‌సీలో ఉండే తయారీ నెల నుంచి మొదలుపెడతాను. బండి షోరూమ్‌లో ఉన్న నెలలూ బెల్ట్ వయసులోవే కదా.

దీనికి పూర్తిగా ఎదురు క్యాబ్. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మే నెల ఎండలో ఏసీ వేసుకుని రెండు గంటలు ఆగితే రీడింగ్ కదలదు, బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది. అలా ఆగిన గంటకి నేను 40 కి.మీ. కలుపుతాను. ఏడాదికి 45,000 తిరిగే బండి రోజుకి రెండు గంటల చొప్పున 300 రోజులు అలా ఆగితే మరో 24,000 కలుస్తుంది. గడువు 80,000 అనుకుంటే, రీడింగ్ ప్రకారం 21 నెలలు, నా లెక్కలో 14 నెలలే.

సెకండ్‌హ్యాండ్ ఇన్నోవా (క్రిస్టా కాదు, పాత 2.5 డీజిల్) కొన్నవాళ్లకు ఒక్క మాట. దానికి డ్యాష్‌బోర్డులో టి-బెల్ట్ అని లైటే ఉంటుంది. అది కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది, బెల్ట్‌ను చూసి కాదు. బెల్ట్ మార్చకుండానే లైటు రీసెట్ చేయొచ్చు.

మార్చేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే పుల్లీ) కలిపి కిట్‌గా కొనండి. టైమింగ్ బెల్ట్‌తోనే వాటర్ పంప్ తిరిగే ఇంజన్ అయితే పంప్ కూడా మార్చేయండి, లేబర్ రెండుసార్లు పడదు. పాత బెల్ట్ అడిగి ఇంటికి తెచ్చుకోండి, పళ్లు అడ్డంగా ఉన్నాయో లేదో మీరే చూడొచ్చు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లోని ఎకోబూస్ట్ పెట్రోల్ ఇంజన్‌లో బెల్ట్ ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. అందులో చెప్పిన గ్రేడ్ ఆయిల్ తప్ప వేరేది పోయొద్దు. వేస్తే బెల్ట్ చివికి, ఆ ముక్కలు ఆయిల్ జల్లెడకు అడ్డంపడతాయి.

అభ్యాసం. ఇది ఒక్కరోజు పని కాదు, వారం తీసుకోండి. ఒక నోట్‌బుక్‌లో ఆర్‌సీలోని తయారీ నెల రాయండి. ఇంట్లో ఉన్న సర్వీస్ బిల్లులన్నీ తీసి, ప్రతి బిల్లు మీది తేదీ, రీడింగ్ వరుసగా ఎక్కించండి. మధ్యలో రీడింగ్ వెనక్కి పోయినట్టు కనిపిస్తే గుండ్రం చుట్టండి, ఆ అంకెను నమ్మలేం. ఏడు రోజులు, బండి ఆగి ఉండి ఇంజన్ తిరిగిన నిమిషాలు రాసి, ఏడాదికి లెక్కకట్టండి. చివరగా రెండు తేదీలు తేల్చండి: కిలోమీటర్ల గడువు ఎప్పుడు, ఏళ్ల గడువు ఎప్పుడు. తర్వాత ఇదే పని మీ వీధిలో పోర్టికోలో ఉండే ఒక బండికి చేసిపెట్టండి. బిల్లు మీద "టైమింగ్ బెల్ట్" అన్న మాట స్పష్టంగా లేకపోతే "మార్చలేదు" అనే రాయండి. "మార్చారట" అని రాయొద్దు.