మన ఉప్పు నీళ్లకు, మన ఎండలకు తట్టుకునే చేపలు: రెండడుగుల తొట్టి పెట్టేవాళ్లకు

చేపల అంగడికి వెళ్లే ముందు ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్‌ను ఒకసారి చూడండి. దాని మీద తెల్లగా సున్నం పెచ్చు కట్టి, సబ్బుకు నురగ సరిగా రాకపోతే మీవి ఉప్పు నీళ్లే. తిరుపతిలో, చిత్తూరులో బోరు మీద ఆధారపడ్డ చాలా ఇళ్లలో ఇదే కథ. ఎమ్మార్ పల్లిలో మా ఇంట్లోనూ తాగడానికి క్యాన్, మిగతా అన్నిటికీ బోరు. అందుకే ఏ చేపను చూసినా నేను ముందు ఆలోచించేది ఒకటే: ఈ నీళ్లలో, మే నెల ఎండలో ఇది బతుకుతుందా?

కళ్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే మున్సిపల్ నీళ్లు వాడితే క్లోరిన్ సంగతి చూసుకోవాలి. బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదంటే అంగట్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే లెక్క ప్రకారం సుమారు 57 లీటర్లు. రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిజంగా నిలిచేది 45 లీటర్ల దాకా. ఇంతకంటే చిన్నది కొనకండి. గుండ్రటి గాజు గిన్నె అసలే వద్దు. నీళ్లు తక్కువైతే వేడి, మురికి రెండూ తొందరగా పెరుగుతాయి.

ఉప్పు నీళ్లకు సరిపోయేవి గప్పీ, ప్లాటీ, మోలీ. ఈ మూడూ పిల్లలను పెట్టే జాతులు, లవణాలున్న నీళ్లంటేనే వీటికి ఇష్టం. మోలీ కాస్త పెద్దదవుతుంది, ఎక్కువ తింటుంది, ఎక్కువ మురికి చేస్తుంది. అందుకని రెండడుగుల తొట్టిలో నేనైతే గప్పీ, ప్లాటీలతోనే ఆగిపోతాను. గప్పీల్లో మగవాటినే తీసుకోండి, ఆరు చాలు. మగది చిన్నగా, పెద్ద రంగుల తోకతో ఉంటుంది. పొట్ట కింది రెక్క సన్నగా పుల్లలా కనిపిస్తుంది. ఆడది లావుగా, తోక దగ్గర పొట్ట మీద నల్ల మచ్చతో ఉంటుంది. "జత తీసుకోండక్కా, బాగుంటాయి" అంటాడు అంగడబ్బాయి. బాగానే ఉంటాయి, నెల తిరిగేసరికి ఇరవై ముప్పై పిల్లలు కూడా ఉంటాయి. పైగా ఆడ గప్పీ మగదాని వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదు. మగదాన్ని తీసేసినా కాన్పులు ఆగవు.

వాటికి తోడుగా ఒక హనీ గౌరామి వేసుకోవచ్చు. ఇది నెమ్మదైన చేప. మొప్పలతో పాటు నీటి పైకొచ్చి నేరుగా గాలి కూడా పీల్చుకునే అవయవం దీనికుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగినా దీని గురించి పెద్ద టెన్షన్ పడక్కర్లేదు. ఫైటర్ చేపకూ అదే సౌకర్యం ఉంది కానీ, దాన్ని ఒంటరిగానే పెంచాలి. గప్పీ తోకను చూస్తే మరో ఫైటర్ అనుకుని చింపేస్తుంది. కదలిక ఎక్కువగా కావాలంటే జీబ్రా డానియోలు ఆరు వేయండి. మన దేశపు వాగుల్లో పుట్టిన చేప, వేడికీ చలికీ ఓర్చుకుంటుంది. ఎగిరి బయట పడుతుంది, మూత తప్పనిసరి.

ఇక వద్దనాల్సినవి. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప, దాదాపు అడుగు పొడవు దాకా పెరగగలదు. వాస్తు కోసం ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది పెట్టమని మా అత్తగారికి ఎవరో చెప్పారు. తొమ్మిది గోల్డ్ ఫిష్‌లు 45 లీటర్లలో ఉంటే ఆ ఇంటికి ఏ మేలు జరుగుతుందో నాకైతే అర్థం కాదు. అద్దం శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ వేలంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, తర్వాత అడుగు పొడవు దాటుతుంది. నియాన్ టెట్రాలు అమెజాన్ వైపు లవణాలు తక్కువుండే మెత్తటి నీళ్లవి, మన బోరు నీళ్లలో వాటికి సుఖం ఉండదు. టైగర్ బార్బ్ గప్పీల తోకలు కొరుకుతుంది. గులాబీ, నీలం మెరుపుల గాజు చేపలు కనిపిస్తే, వాటికి సూదితో రంగు ఎక్కించి ఉంటారు. ముట్టుకోకండి.

చేపలు తెచ్చే ముందు తొట్టి సిద్ధం కావాలి. చేపల విసర్జనలోని అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న ఫిల్టర్ నుంచి స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే ఈ పని చాలా తొందరగా అవుతుంది. చేపలన్నీ ఒకేసారి వేయకండి. మొదట మూడు, పది రోజులాగి మిగతావి.

అంగట్లో ముందు "ఏమప్పా, ఈ సరుకు ఎప్పుడొచ్చింది?" అని అడగండి. "రాత్రే దిగిందక్కా" అంటే తిరిగి వచ్చేయండి. ప్రయాణంలో నలిగిన చేపల్లో చావాల్సినవి ఆ మూడు నాలుగు రోజుల్లోనే చస్తాయి, అవి అంగట్లోనే పోనివ్వండి. తర్వాత వెళ్లి, కాస్త మేత వేయమనండి. ఎగబడి తినేవాటినే పట్టి ఇమ్మనండి. రెక్కలు ముడుచుకున్నవి, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నవి, పొట్ట లోపలికి పోయినవి వద్దు. అదే తొట్టిలో ఒక్క చచ్చిన చేప కనిపించినా అందులోవి ఏవీ తీసుకోను. ఎండాకాలంలో సాయంత్రమే కొనండి. ఇంటికొచ్చాక కవరును పావుగంట తొట్టి నీళ్ల మీద తేలనిచ్చి, చేపలను వలతో వదలండి. కవర్లోని నీళ్లు తొట్టిలో కలపొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై డిగ్రీలు దాటుతుంది, తొట్టి నీళ్లు కూడా ముప్పై దాటిపోతాయి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 దగ్గర ఏడున్నరే. ఐసు ముక్కలు వేసి చేపలకు షాక్ ఇవ్వకండి. చిన్న టేబుల్ ఫ్యాను నీటి ఉపరితలం మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. దాంతో నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, లవణాలు మాత్రం లోపలే ఉండిపోతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఉప్పు ఇంకా పెరుగుతుంది కాబట్టి, ఆవిరైన మేరకు క్యాన్ నీళ్లు పోయండి. వారానికోసారి నాలుగో వంతు తీసి మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్లే. మొత్తం క్యాన్ నీళ్లతో నింపితే గప్పీలకు కావాల్సిన లవణాలు అందవు.

ఎంత చూసి కొన్నా ఒక ఆడ గప్పీ కలిసి వచ్చి పిల్లలు పెట్టిందనుకోండి, అంగడివాళ్లకు ఇచ్చేయండి, చాలామంది తీసుకుంటారు. సక్కర్‌ను మాత్రం ఊరి చెరువులో వదలకండి. ఆంధ్రాలో చేపల చెరువుల రైతులు డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది దీన్నే.