పాత కారు పేరు నమ్మే ముందు చూడాల్సినవి

పాత కారు కొనేటప్పుడైనా, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టేటప్పుడైనా డిక్కీ మీదున్న పేరు చూసి కాగితాల్లో ఎక్కించేయకండి. పేరు పెట్టిన ఏడాదిలో దానికున్న అర్థమే లెక్క.

ముందు అంకెలు. హిందుస్తాన్ 10లోని 10 ఇంజిన్ బలం కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు కారు పన్ను కట్టడానికి వేసిన హార్స్‌పవర్ లెక్క అది. బోర్‌ని, అంటే సిలిండర్ లోపలి వెడల్పుని అంగుళాల్లో కొలిచి, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించాలి. హిందుస్తాన్ 10కి మూలమైన ఇంగ్లిష్ కారు మోరిస్ 10 బోర్ 63.5 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు: 6.25 × 4 ÷ 2.5 = 10. స్ట్రోక్‌కి, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరానికి పన్ను లేదు కాబట్టే ఆనాటి ఇంగ్లిష్ ఇంజిన్లలో సిలిండర్లు సన్నగా, పొడవుగా ఉంటాయి. ఇందులో స్ట్రోక్ 90 మి.మీ. హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పినప్పుడు బోర్‌ని వెర్నియర్‌తో కొలిచి ఇదే లెక్క వేయండి. 10.3 దాకా వస్తే కంగారుపడక్కర్లేదు, 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి ఉంటారు. పిస్టన్ తలమీద ఆ గుర్తు కనిపిస్తుంది. అంతకు మించి తేడా వస్తే ఇంజినే మారిందేమో చూడండి.

తర్వాతి కాలపు అంకెలు సీసీలు, అవీ దగ్గరి వందకి సరిచేసినవి. ఫియట్ 1100లో ఉన్నది 1089 సీసీ. 1985లో వచ్చిన స్టాండర్డ్ 2000లో 1991 సీసీ. రాబోయే శతాబ్దం పేరు తగిలించుకున్నా దాని ఇంజిన్ పాత స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు వంశానిదే, కారేమో 1988కే ఆగిపోయింది. ప్రీమియర్ 118ఎన్ఈలో ‘ఎన్ఈ’ అంటే నిస్సాన్ ఇంజిన్. బాడీ ఫియట్ 124ది. అందుకని పార్టులు అడిగేటప్పుడు ఇంజినువి ‘నిస్సాన్ ఏ12’ అని, బాడీవి ‘124’ అని విడివిడిగా చెప్పండి. ఒట్టి ‘118’ అంటే దుకాణంలో చేతికందింది ఇచ్చేస్తారు.

ఎక్కువమంది బోల్తా పడేది మార్క్ 1 దగ్గర. మొదటి అంబాసిడర్లు ఉత్త అంబాసిడర్లే. 1960ల మొదట్లో మార్క్ 2 వచ్చాకే వాటిని మార్క్ 1 అనడం మొదలైంది. మెరిసే ‘మార్క్ 1’ బ్యాడ్జి ఉంటే అది తర్వాత ఎవరో చేయించిందే. బానెట్ ఎత్తి చూడండి. హెడ్ చదునుగా ఉండి ప్లగ్గులు పైనుంచి దిగి ఉంటే తొలినాటి 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్ (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండేది). పైన రాకర్ కవర్ (వాల్వుల మీది మూత), ప్లగ్గులు పక్కన ఉంటే 1959 తర్వాతి 1489 సీసీ. గ్రిల్ చూసి తేల్చకండి, అంబాసిడర్ గ్రిల్ ఒకదానిది ఇంకోదానికి ఇట్టే మార్చేస్తారు.

పద్మినిది ఇంకో తంటా. ఫియట్ 1100 డిలైట్, ప్రీమియర్ ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని: రూపం దాదాపు ఒకటే, మనవాళ్లకి మూడూ ‘ఫియటే’. 1980 నాటి పద్మినికి ఫియట్ బ్యాడ్జి కనిపిస్తే డిక్కీ తలుపు లోపలి వైపు తడమండి; పూడ్చిన పాత రంధ్రాలు వేలికి తగులుతాయి. పైన అయస్కాంతం పట్టకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు.

కాంటెస్సా క్లాసిక్‌ని ‘క్లాసిక్ కారు’గా ప్రకటనల్లో అమ్ముతుంటారు. నిజానికి ఇసుజు ఇంజిన్ వేసిన కొత్త కారుకి అప్పట్లో పెట్టిన పేరది.

‘వింటేజ్’ మాటకైతే ఇప్పుడు చట్టమే కొలత పెట్టింది. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. దరఖాస్తులో మోడల్ పేరు ఆర్సీలో ఉన్నట్టే రాయండి, బ్యాడ్జి చూసి కాదు. చాసిస్, ఇంజిన్ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింట్లు ఆర్సీతో ముందే సరిచూసుకోండి. ఆ నంబరు వచ్చాక బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పడం కుదరదు.