మూట్ కోర్ట్ సొసైటీ ఎంపిక – 3వ పాఠం: బెంచ్ ముందు ఐదు నిమిషాలు

మూట్ కోర్ట్ అంటే కల్పిత కేసుపై విద్యార్థులు న్యాయవాదుల్లా వాదించే నమూనా కోర్టు. గత పాఠంలో మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, రాయడం పూర్తిచేశాం. ఇక మౌఖిక వాదన. సొసైటీలోకి తీసుకునే పద్ధతి కాలేజీకొకటి ఉన్నా, ఎక్కువ చోట్ల ఒక చిన్న ప్రాబ్లం (కల్పిత కేసు) ఇచ్చి, రాతపని తీసుకుని, ఆపైన ఒక్కొక్కరిని ఐదు పది నిమిషాలు వాదించమంటారు. బెంచ్‌లో (న్యాయమూర్తుల స్థానంలో) సీనియర్లు ఉంటారు, కొన్నిచోట్ల అధ్యాపకులూ కూర్చుంటారు. క్లాసులో చేసే మూట్‌కు బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు రాతకు 5, వాదనకు 5 మార్కులు పెట్టాయి. ఎంపికలో మాత్రం, రాతలో సమానంగా ఉన్న ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలో తేల్చేది బెంచ్ ప్రశ్నలకు వాళ్లిచ్చిన జవాబులే.

అందుకే ఐదు నిమిషాలకు ఐదు నిమిషాల ప్రసంగం తయారుచేయకండి. మూడు నిమిషాలకు సరిపడా చాలు, మిగతా సమయం బెంచ్‌ది. కంఠతా పట్టినవాళ్లకు మధ్యలో ప్రశ్న పడగానే దారి తప్పుతుంది. మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటారు, గంట మోగేసరికి అసలు ఇష్యూ మిగిలిపోతుంది.

ఒక ప్రాబ్లం తీసుకుందాం. వ్యాపారం కోసం స్నేహితుడి దగ్గర పది లక్షలు తీసుకున్న వ్యక్తి నష్టపోయి తిరిగి చెల్లించలేదు. 2025లో అతనిపై మోసం కేసు పెట్టారు: భారతీయ న్యాయ సంహిత 318(4). ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టును అడుగుతున్న పిటిషనర్ తరఫు న్యాయవాది మీరు.

మొదటి గొయ్యి సెక్షన్ నంబరులోనే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) పుస్తకాల అలవాటుతో "482 కింద వచ్చాం" అంటారు. 2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాక హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం (కేసు కొట్టేయడానికి వాడేది) సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 528. అందులో 482 అంటే ముందస్తు బెయిల్. "కౌన్సెల్, మీకు కావలసింది బెయిలా, క్వాషా (కేసు కొట్టివేతా)?" అన్న ప్రశ్న వచ్చిందంటే మొదటి నిమిషం పోయినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న: "దర్యాప్తు మొదలే కాలేదు. ఇప్పుడే కొట్టేయవచ్చా?"

చాలామంది "మై లార్డ్, ఆ విషయానికి తర్వాత వస్తాను" అంటారు. అలా ఎప్పుడూ అనకండి. అడిగిన క్షణంలోనే జవాబు చెప్పాలి: ముందు అవునో కాదో, తర్వాత కారణం, ఆఖరున తీర్పు. ఇలా:

"అవును, యువర్ ఆనర్, ఇప్పుడే కొట్టేయవచ్చు. ఎఫ్ఐఆర్‌లోని ప్రతి మాటా నిజమనుకున్నా, డబ్బు తీసుకున్న నాడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని అందులో ఎక్కడా లేదు. ఆ ఉద్దేశం లేనిదే మోసం కాదని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ తీర్పు, 2000. ఇది భజన్ లాల్ తీర్పు 102వ పేరాలోని మొదటి వర్గంలోకి వస్తుంది."

భజన్ లాల్ అంటే ఎఫ్ఐఆర్‌ను ఎప్పుడు కొట్టేయవచ్చో వర్గాలుగా చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు; ఆరోపణలన్నీ నిజమనుకున్నా నేరం కాకపోవడం అందులో మొదటి వర్గం. బెంచ్ ఇక్కడితో వదలదు. "నీహారిక తీర్పు చదివారా?" అంటారు. దర్యాప్తును తొందరపడి ఆపొద్దని 2021లో ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెప్పిన తీర్పు అది. భజన్ లాల్ ఇద్దరిదే, అంటే ముగ్గురి మాటకే బరువెక్కువ. ఇక్కడ తడబడితే మీ వాదన కూలుతుంది. భజన్ లాల్ ప్రమాణాలను నీహారిక కాదనలేదు, వాటిని గుర్తుంచుకునే అధికారం వాడమంది. ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే మీకు ఎదురొచ్చిన తీర్పే మీ వైపు నిలుస్తుంది. మీకు వ్యతిరేకమైన తీర్పును మీరే ముందుగా చదివి ఉండాలనేది ఇందుకే.

వాడే ప్రతి తీర్పుకూ ఒక కార్డు రాసుకోండి: పేరు, సంవత్సరం, సైటేషన్ (తీర్పు ఏ సంపుటిలో, ఏ పేజీలో ఉందో), ఎంతమంది బెంచ్, ఏ పేరా, వాస్తవాలు ఒక వాక్యంలో, తేల్చింది ఒక వాక్యంలో. నాలుగు కార్డులు చాలు. చదవని తీర్పు గురించి అడిగితే "చదవలేదు, యువర్ ఆనర్" అనేయండి. ఊహించి చెబితే వెంటనే "ఏ పేరా?" అంటారు. ప్రాబ్లంలో లేని వాస్తవాన్ని కల్పించడం అంతకంటే పెద్ద తప్పు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌కు జడవక్కర్లేదు. మొదటి నాలుగు వాక్యాలు నోటికి వచ్చేదాకా పైకి చదవండి, మిగతాది చిన్న వాక్యాల్లో నిదానంగా చెప్పండి. వేగంగా మాట్లాడితే బెంచ్ నోట్ రాసుకోలేదు, రాసుకోనిదానికి మార్కులు పడవు.

ఈ వారం అభ్యాసం: పై ప్రాబ్లంపై మూడు నిమిషాలు వాదించండి. ఎదుట ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టి, ఎక్కడ పడితే అక్కడ మూడుసార్లు ఆపమనండి. ఫోన్‌లో రికార్డు చేసి, ఎన్ని జవాబులు అవును, కాదుతో మొదలయ్యాయో లెక్కపెట్టండి. మూడూ అలా వచ్చేదాకా 4వ పాఠం తెరవకండి. అందులో ఇదే ప్రాబ్లంలో రెస్పాండెంట్ (ఎదుటి పక్షం) వైపు నిలబడతాం.