కార్తీకంలో డైట్ మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

పర్లాఖిమిడి, రాయగడ వైపు కార్తీకం వస్తే మన ఇళ్లలో నక్తాలు, పక్కింటి ఒడియావాళ్ల హబిష (ఒంటిపూట సాత్విక భోజన వ్రతం). ఎలాగూ పూట మానేస్తున్నాం కదా అని కీటో (పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే డైట్), 16 గంటల ఉపవాసం మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. మొదలుపెట్టే ముందు:

- షుగరుకి గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతుంటే, డాక్టరు డోసు మార్చకుండా పూట మానొద్దు. షుగర్ పడిపోతుంది. మా పిన్ని ఎప్పటిలా మాత్ర వేసుకుని టిఫిను మానేసింది. పదకొండింటికల్లా ఒళ్లంతా చెమట, చేతిలో గ్లాసు నిలవలేదు, మీటరులో 54. 70 కంటే తగ్గితే ఆగకూడదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

- డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర వాడేవారికి కీటో వద్దు. షుగర్ మరీ ఎక్కువ లేకున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

- ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉందా? కోరాపుట్, రాయగడ, అటు గడ్చిరోలిలో ఈ జబ్బు ఎక్కువే. నీళ్లు తాగని ఉపవాసం వారికి ఒళ్లు నొప్పులు తెచ్చిపెడుతుంది.

- చోడి (రాగి) అంబలి ఎంతైనా తాగొచ్చనుకోకండి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, నాకూ ఇష్టమే. కానీ పిండిపదార్థం బియ్యం కంటే కాస్తే తక్కువ. గిన్నె కొలత పెట్టుకోండి.

- పాలు, పెరుగు కూడా మానే పద్ధతైతే బి12 విటమిన్ మాత్ర సంగతి డాక్టరును ముందే అడగండి.

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవేవీ మొదలుపెట్టొద్దు.